సీసా మీది నంబరు

మొన్న ఉదయం మనవరాలు ఫోన్ చేసి, తన పరిశోధనకు ఆర్డరిచ్చిన పెప్టైడ్ రెండు రోజుల్లోనే వచ్చేసిందనీ, దాని పరీక్షా పత్రం ఫోనులోకే పంపారనీ సంబరంగా చెప్పి, సూరత్‌లోని అడాజన్ పేటలో ఇంట్లో కూర్చున్న నాకూ ఆ పత్రం పంపినప్పుడు, నా చేయి అలమారలోని పాత డైరీ వైపు దానంతటదే వెళ్ళింది.

మా నాన్న తెలంగాణ పల్లె నుంచి సూరత్ మగ్గాల పనికి వచ్చినవాడు. నేను చదువుకుని ఇక్కడే ఒక పరిశోధనశాలలో స్టోర్స్ చూసేవాణ్ణి. పెప్టైడ్ అంటే ప్రోటీనులోని చిన్న ముక్క వంటిది, పూసలు గుచ్చినట్టు యంత్రం మీద కట్టినది. చూడబోతే సీసా అడుగున చిటికెడు తెల్లపొడి. అదేమిటో, ఎంత శుద్ధమైనదో కంటికి తెలియదు, వెంట వచ్చిన కాగితమే చెప్పాలి. అందుకని సీసా మీది బ్యాచ్ నంబరు ముందు డైరీలో రాసుకుని, ఆపైన కాగితంతో పోల్చేవాణ్ణి.

ఒకసారి ఐసు పెట్టెలోంచి తీసిన సీసా మీది చీటీ మంచు పట్టి కనబడలేదు. ఇంటికెళ్ళే భేస్తాన్ బస్సు దాటిపోతుందన్న తొందరలో కాగితం మీది నంబరునే డైరీలోకి ఎక్కించి, సరిపోయిందని సంతకం పెట్టేశాను. పంపినవాళ్ళు వేరే బ్యాచ్ పత్రం జతచేశారని, మా ఊరివైపు నుంచే వచ్చిన సీనియర్ శాస్త్రవేత్త ఒకావిడ ఎనిమిది నెలల ప్రయోగం మట్టిపాలయ్యాక గాని తెలియలేదు. ఆవిడ కోప్పడలేదు. “నీ డైరీని నమ్మిన గద తమ్మీ, సీసా నేను సూడనే లేదు” అని మాత్రం అంది.

ఆనాటి నుంచి రిటైరయ్యేదాకా బల్లమీద ఒక చేతిగుడ్డ ఉంచుకుని, కాగితం బోర్లా పెట్టి, మంచు తుడిచి, సీసానే ముందు చదివాను. నంబరు కలవనప్పుడల్లా, సరుకు తెచ్చే మన తెలుగువాడొకడు “మాల్ ఒక్కటే గద కాకా, సరైన కాగితం రేపు పంపిస్త” అని నవ్వేవాడు. ఆ మాల్‌ను అతని చేతికే తిరిగి ఇచ్చేవాణ్ణి.

మనవరాలినీ సీసా తుడిచి చదవమన్నాను. “రేపే మొదలువెట్టాలె తాతా, మా సార్ ఊకోడు” అని గొణిగింది. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఆమె చదివిన నంబరులో చివరి రెండు అంకెలు పత్రంలో వేరుగా ఉన్నాయి. సీసాను మరోసారి తుడిచి చదివి, తిప్పి పంపేస్తానంది.

మా రోజుల్లో కాగితం కోసం వారాలు ఎదురుచూసేవాళ్ళం, ఇప్పుడది సీసాకన్నా ముందే చేరుతోంది. చీటీ మీద మంచు మాత్రం ఇప్పటికీ పడుతూనే ఉంది. ఆ సాయంత్రం మనవరాలు చదివిన నంబరును డైరీలో రాసుకున్నాను. సీసాను నా కళ్ళతో చూడకుండా నేను రాసిన రెండో నంబరు అది. ఈసారి నా బదులు సీసాను చూసినవాళ్ళు ఉన్నారు.