మిగిలిన సర్వీసు

గోదావరిఖనిల బస్సెక్కి దోస్తుకు ఫోన్‌ల గట్టిగ చెప్తున్న: "బొగ్గుబాయి నౌకరి ఇడిచి కరెంటు కంపెనీల చేరుతున్న. అదీ సర్కారుదే, పర్మిషన్‌తోటే పోతున్న. పాత సర్వీసు ఒక్కరోజు గూడ పోదు."

ఫోన్ పెట్టేసినంక పక్కసీటు పెద్దమనిషి అడిగిండు. "బాయి నౌకరి మీ నాయినదేనా, బిడ్డా?"

"అవును కాకా. ఇంక సర్వీసు ఉండంగనే మెడికల్ అన్‌ఫిట్ అయి, ఆ నౌకరి నాకిచ్చిండు."

"ఇంకెంత ఉండె?"

నాకు తెల్వదు. నా సర్వీసు కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినోన్ని, నాయినను ఆ మాట ఎన్నడూ అడగలే.

ఆయన ఒళ్లో ఎక్స్‌రే కవరు సర్దుకున్నడు. "నేను గూడ అన్‌ఫిట్ రాయించుకోనీకి మెడికల్ బోర్డుకే పోతున్న, నౌకరి కొడుక్కియ్యనీకి. రేపు వాడు గూడ నీ లెక్క నౌకరి మారితే సర్వీసు పోదు గదా?"

"వానిది పోదు కాకా" అన్న, కిటికీ దిక్కు చూసుకుంట.