మా తాత ఎక్కువ కొట్టిన గాలి

ఈ భూమికి ఎప్పుడైనా పంక్చరు పడితే, దాన్ని విప్పి నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టి, ప్యాచీ అంటించి, మళ్లీ సూర్యుడి చుట్టూ తిరగమని తోసేయగల మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన మా తాత గోవిందస్వామి. కాకపోతే ఆ భూమి మీద చెయ్యి వేసే ముందు, "మే, ఇది పేలదు గదా?" అని నన్ను ఒకసారి అడుగుతాడు.

పూతలపట్టు క్రాసులో రేకుల కింద ఉన్న సైకిల్ అంగడి మా తాతది. నలభై రెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. ఆయన మనవరాలినైన నేను పదో తరగతితో చదువు ఆపేసి ఆ అంగడిలోనే పానాలు అందిస్తుంటాను కాబట్టి, ఆయన దేనికి ఎంత భయపడతాడో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఉరుముకు భయం. ఎదురింటి పుంజుకు భయం. పక్కనున్న లారీ టైర్ల అంగడిలో కంప్రెసర్ మోగితే ఇక్కడ ఈయన భుజాలు పైకి లేస్తాయి. వయసులో ఉన్నప్పుడు బావిలోకి దిగి మోటారు బిగించాలంటే భయపడే, సేనిక్కాయల చేను తమ్ముడికి వదిలేసి సైకిళ్ల పనిలోకి వచ్చాడు. మా అవ్వ కుప్పమ్మ ఇప్పటికీ అంటుంది, "పెండ్లినాడు నన్ను సూసి గూడా వణికినాడు ఈయప్ప."

"అదొక్కటే సరైన భయం" అంటాడు తాత, ఆమెకు వినపడకుండా.

ఆ భయం వల్లే ఆయన పని బాగుంటుందని నా అనుమానం. బిగించిన నట్టునే మూడుసార్లు బిగిస్తాడు. ఇంకో అలవాటు కూడా ఉంది. బాగుచేసిన సైకిల్ అప్పగించే ముందు, టైరు నిండా గాలి ఉన్నా సరే, తన తరఫున ఇంకో నాలుగు పంపులు కొట్టి ఇస్తాడు. దూరం పోయేవాళ్లకు ఆరు. పరీక్షకు పోయే పిల్లలకు ఎనిమిది. ఎవరి గురించి ఎంత భయమేస్తే వాళ్ల టైరులో అంత గాలి ఎక్కువ పడుతుంది. చివర్లో బొటనవేలితో నొక్కి, రాయిలా తగిలితేనే, "ఇంక పో నాయనా, ఏం కాదు" అంటాడు. మా క్రాసులో అందరికీ ఈ సంగతి తెలుసు.

స్రవంతికి మాత్రం తెలియదు. ఆమెది తిరుపతి, అలిపిరి దగ్గర ఇల్లు. ఒక ఆస్పత్రి ల్యాబులో పని. ఆదివారమైతే లావు చక్రాల కొండ సైకిల్ ఎక్కి రాళ్ల గుట్టల మీద తిరగడం ఆమె సరదా. రెండేళ్ల కిందట మా ఊరి పక్కన గొడుగుబండ గుట్టలో ఆమె టైరు పక్కన చీలింది. తాత లోపలివైపు పాత లారీ ట్యూబు ముక్క పెట్టి, చెప్పులు కుట్టే దారంతో కుట్టి ఇచ్చాడు. ఆ కుట్టుతోనే ఆమె తిరుపతి దాకా తొక్కుకుంటూ పోయింది. అప్పటినుంచి ఆ సైకిల్‌ను ఇంకెవరి చేతికీ ఇవ్వదు. ట్యూబు టైర్లు ఎటూ గట్టిగానే ఉండేవి కాబట్టి, తాత కొట్టే ఎక్కువ గాలిని ఆమె కనిపెట్టలేదు.

గొడుగుబండ దిగే దారిలో మెట్లబండ అని ఒక చోటు ఉంది. మూడు బండలు మెట్లలాగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పక్కన ఇద్దరు మనుషుల లోతు పల్లం, దాని నిండా గుండ్రాళ్లు. ఇన్నాళ్లూ అక్కడ స్రవంతి సైకిల్‌ను భుజాన పెట్టుకుని దిగేది. ఈసారి తొక్కుకుంటూనే దిగుతానంది. అందుకోసం ట్యూబులు తీసేయాలని మద్రాసు నుంచి రెండు రకాల ట్యూబులెస్ టైర్లు తెప్పించి తాత ముందు పెట్టింది. రాయి అంచు తగిలినప్పుడల్లా ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాము కరిచినట్టు రెండు చిల్లులు పడుతున్నాయట.

"ట్యూబు లేకపోతే గాలి యాడుంటాది పాపా?" అన్నాడు తాత.

"లారీకి ఉండేటట్లే తాతా. టైరే గాలిని పట్టుకుంటాది. లోపల ఈ జిగురు పాలు పోస్తాము. ముల్లు దిగితే పాలే వచ్చి మూసేస్తాయి."

ఆమెకు తేలిక టైర్లు నచ్చాయి. గుట్ట ఎక్కడానికి సులువని. తాత వాటి పక్కభాగాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపాడు. తర్వాత గుట్టలోంచి తెచ్చిన పదునైన రాతి చెక్కు ఒకటి తీసి దాని మీద గట్టిగా రుద్దాడు. తెల్లని దారాలు బయటపడ్డాయి.

"కొత్త టైరు తాతా!" అని అరిచింది స్రవంతి.

"ఈడ తెగితే తెగనీ. ఇది అరిటాకు మాదిరి ఉండాది పాపా. ముల్లు నడిమధ్య దిగితే నీ పాలు మూస్తాయి, సరే. పక్క చీలితే ఏం చేస్తాయి? కారిపోతాయి." అదే చెక్కుతో రెండో రకం టైరును రుద్దాడు. రబ్బరు మీద గీత పడింది గానీ దారం కనపడలేదు. "దీనికి పక్కన రెండు పొరల గుడ్డ ఉండాది. బుడిపెలు గూడా అంచు దాకా ఉండాయి. వంగినా రాయిని ఇడవదు."

"బరువు తాతా. ఎక్కేటప్పుడు ప్రాణం పోతాది."

"ఎక్కేటప్పుడు చెమటే పోతాది. దిగేటప్పుడు..." అని తాత ఆపేశాడు. స్రవంతి కాసేపు రెండు టైర్లనూ అటూ ఇటూ ఎత్తి చూసి, బరువైనవే ఉంచుకుంది.

శనివారం సాయంత్రం బిగించారు. పక్కంగడి కంప్రెసర్ గాలికి టైరు అంచు రిమ్ములో ఠప్పుమని కూర్చున్నప్పుడు తాత రోడ్డు దాటేసి ఉన్నాడు. కానీ ఆయన్ను నిజంగా భయపెట్టింది ఆ చప్పుడు కాదు. స్రవంతి చెప్పిన గాలి లెక్క. ముందు ఇరవై రెండు, వెనక ఇరవై ఐదు, అంతకు మించకూడదు. టైరు కొంచెం మెత్తగా ఉంటేనే రాయి మీద పరుచుకుని పట్టుకుంటుందట. గట్టిగా ఉంటే బంతిలా ఎగిరి పక్కకు జారిపోతుందట.

"ఇంత మెత్తగానా? సూసినోళ్లు గోవిందస్వామి గాలి లేని సైకిల్ ఇచ్చినాడంటారు" అన్నాడు తాత. అయినా ఆ రెండు అంకెలనూ పదిసార్లు చెప్పుకుని నేర్చుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆరు గంటలకు స్రవంతి వచ్చింది. తన చిన్న మీటరు పెట్టి ముందు ఇరవై రెండు, వెనక ఇరవై ఐదు సరిచూసుకుని, అవ్వ పిలిస్తే లోపలికి పోయి కాఫీ తాగింది. తర్వాత హెల్మెట్ బిగించుకుని, చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

అంగడి సర్దుకుని, ఏడు కావస్తుండగా తాత బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సగం గ్లాసు తాగాక ఆగిపోయాడు. గోడకు ఉండాల్సిన పంపు వాకిట్లో నిలబడి ఉంది. దానివైపు చూశాడు, తన చేతులవైపు చూసుకున్నాడు.

"మే," అన్నాడు నెమ్మదిగా. "ఆ పాప కాఫీ తాగతా ఉన్నప్పుడు నేను గాని పంపు కొట్టినానా?"

"కొట్టినావు గదా. ముందు పన్నెండు, వెనక పన్నెండు. ఎవరికీ ఇన్ని కొట్టలేదే అని నేను లెక్కబెట్టినా."

నవ్వుతూనే చెప్పాను. చెబుతుండగానే ఆ ఇరవై రెండూ, ఇరవై ఐదూ గుర్తొచ్చాయి. నేను చూస్తూనే ఉన్నాను. తాతను ఏడిపించడానికి లెక్కపెట్టుకున్నాను గానీ, వద్దని చెప్పాలని నాకు తోచలేదు.

ఫోన్ చేశాను. అందుబాటులో లేదన్నారు. మళ్లీ చేశాను. గుట్ట మీద సిగ్నల్ ఉండదు. తారు రోడ్డు మీద గట్టి టైరు హాయిగా పోతుంది కాబట్టి ఆమెకు అనుమానం రాదు. తానే కొలిచి పెట్టుకున్న గాలిని మళ్లీ ఎందుకు కొలుస్తుంది? ఆరుంబావుకు పోయింది. అవతలి వైపు నుంచి గుట్ట ఎక్కడానికి గంటకు పైనే పడుతుంది. అప్పటికి ఏడయింది.

టీవీఎస్ ఎక్సెల్ తీశాను. నా వెనక కూర్చుంటే ముప్పై దాటనివ్వని మనిషి, "ఇంకా తిప్పు మే, ఇంకా తిప్పు" అని నా వీపు మీద గుద్దుతున్నాడు. మధ్య మధ్యలో "గోవిందా, గోవిందా" అంటున్నాడు. ఆ గొంతు నా చెవికి కొత్తగా ఉంది. ఉరుముకు భయపడేటప్పుడు ఆయన అరుస్తాడు. ఇప్పుడు అరవడం లేదు.

గుట్ట కింద మామిడితోపులో బండి పడేసి, మెట్లబండ పక్కనున్న మేకల దారిలో ఎక్కాం. తాత మోకాళ్లకు మా ఇంటి గడపే ఎక్కువ. ఒక చెప్పు తెగింది. రెండోది కూడా అక్కడే వదిలేసి, చేతులూ కాళ్లూ కలిపి పాకుతూ నాకంటే ముందు పోయాడు. మూడు బండలూ దాటి పైకి వచ్చేసరికి ఇద్దరికీ ఊపిరి అందడం లేదు.

అప్పుడే పైనుంచి రాళ్లు దొర్లిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇనుము బండకు కొట్టుకున్నట్టు ఒక మోత. తర్వాత ఏమీ లేదు. ఒక్క కేక కూడా లేదు.

తాత పక్కనున్న బలుసు కొమ్మను పట్టుకుని నిలబడిపోయాడు. ముళ్లు గుచ్చుకుంటున్నాయని కూడా తెలియడం లేదు.

"మే, నువ్వు పోయి సూడు. నేను సూడలేను."

నేను నాలుగు అడుగులు వేశానో లేదో, ఆయనే నన్ను పక్కకు తోసుకుని పరిగెత్తాడు.

మలుపు అవతల స్రవంతి బండ మీద కూర్చుని ఉంది. మోచెయ్యి గీసుకుపోయింది, మోకాలి నుంచి రక్తం కారుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది.

"తాతా! మీరీడికెందుకు వచ్చినారు?" అంది. జవాబు వినకుండానే, "ఈ టైర్లు వద్దని అప్పుడే చెప్పినా గదా. రాయి తగిలితే ఎగిరి పడతాండాయి. ముందు చక్రం రెండుసార్లు జారిపోయినాది. సరే, ఎట్లనో దిగేస్తా. ఇంటికి పోయినాక తేలికవే ఎక్కిస్తా."

ఎట్లనో దిగేస్తుందట, ఆ మెట్లబండను, ఆ గాలితోనే. నడిపించుకుని దిగమ్మా, టైర్లు మారుద్దాం అని తాత ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె టైర్లనే తిట్టుకునేది. ఆ మాట తాత నోటి దాకా వచ్చిందని నాకు తెలుసు. ఆయన పెదవులు కదిలాయి కూడా.

"టైర్లను అనొద్దు పాపా," అన్నాడు చివరికి. "నువ్వు కాఫీ తాగతా ఉండంగా నేను గాలి కొట్టేస్తిని. పన్నెండు పన్నెండు. నువ్వు యాడ పడతావో అని భయమేసి, చెయ్యి ఊరికే ఉండలేదు."

స్రవంతి సంచిలోంచి మీటరు తీసి పెట్టింది. ముందు ముప్పై ఆరు, వెనక నలభై. మీటరును తాత వైపు తిప్పి చూపించింది.

"నేను తలకాయ పగలగొట్టుకొని ఉంటే తాతా?"

"దారంతా అదే సూసుకుంటా వచ్చినా పాపా."

ఆమె వాల్వు నొక్కి గాలి వదిలింది. బుస్సుమన్నప్పుడల్లా తాత కన్నార్పాడు. మళ్లీ ఇరవై రెండు, మళ్లీ ఇరవై ఐదు. చక్రం తిప్పుతుంటే ముందు టైరు పక్కన వేలంత పొడుగు కోత ఒకటి కనపడింది. ఇందాక పడినప్పుడు రాయి కోసినట్టుంది. స్రవంతి గోరు పెట్టి చూసింది. రబ్బరు తెగింది గానీ దారం తెగలేదు. చుక్క పాలు కారలేదు. కోతను రెండుసార్లు తడిమి, నీళ్లతో మోకాలు కడుక్కుని లేచింది.

"నడిపించుకొని పోదాం పాపా. ఇంకో వారం సూస్తాం" అన్నాడు తాత.

"టైరు మీరు ఎంచిందే. గాలి సరిగ్గా ఉండాది. నొక్కి సూడండి."

తాత వంగి బొటనవేలితో నొక్కాడు. వేలు కొంచెం లోపలికి దిగింది. నలభై రెండేళ్లలో అంత మెత్తటి టైరును ఆయన ఎవరికీ అప్పగించలేదు. వేలు తీయకుండా చాలాసేపు అలాగే ఉన్నాడు.

"మెత్తగా ఉండాది," అన్నాడు, మింగుడుపడనట్టు. "పో."

మేం ముగ్గురం మెట్లబండ పై అంచు దాకా దిగి వచ్చాం. స్రవంతి సైకిల్ ఎక్కింది. తాత నా మణికట్టు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"చెప్పు మే. ఏమైతాండాదో చెప్పు."

చెప్పాను. మొదటి బండ అంచుకు వచ్చింది తాతా. ముందు టైరు అణిగింది. రాయిని పట్టుకుంది. దిగింది. తాత పట్టుకు నా చేతిలో రక్తం ఆగిపోయింది. రెండో బండ. వెనక చక్రం పల్లం వైపు జానెడు జరిగింది. ఆ మాట నేను పైకి అనలేదు. చక్రం ఆగింది. బుడిపెలు రాయిని పట్టుకున్నాయి. మూడో బండ. దుమ్ము లేచింది, ఏమీ కనపడలేదు.

"చెప్పవేమే!"

దుమ్ములోంచి ఒక చెయ్యి పైకి లేచి ఊగింది. ఆ తర్వాత స్రవంతి నవ్వు వినిపించింది. నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. అవి తాతకు కనపడకూడదని గొంతు పెంచాను.

"దిగేసింది తాతా. ఆయమ్మికి ఏమీ కాలేదు. ఇంక నా చెయ్యి ఇడిసిపెట్టు, ఇరిగిపోతాది."

తాత ఒక కన్ను తెరిచి కిందికి చూశాడు. మూడు బండలనూ, పక్కనున్న పల్లాన్నీ చూసి, నా చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"ఇడిసేది లేదు. ఆయమ్మి దిగింది సరే. నేను దిగొద్దా?"