పచ్చ అన్న మాట

మా తిరువూరు చర్చిలో క్రిస్మస్ నాటకానికి లైట్లు చూసే పని ముప్పై ఏళ్లుగా నాదే. ఏ లైటు ఎంత ఎత్తున కట్టానో, ఎవరి మీద వేశానో ఏటా డైరీలో రాసుకుంటాను. హైస్కూల్లో సైన్సు చెప్పినప్పటి అలవాటు, రిటైరయ్యాక కూడా పోలేదు.

పోయినేడాదికి పాత ఫిలమెంటు లైట్లు నాలుగే మిగిలాయి. వాటికి తోడుగా విజయవాడ వెళ్లి ఆరు ఎల్‌ఈడీ లైట్లు ఎంచి తెచ్చాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు దేనికది పెంచి తగ్గించుకునే రకం. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తెల్ల పంచె మీద వేశాను. ఏది ఏదో చెప్పలేనంతగా కలిసేదాకా మీటలు జరిపి, ఆ అంకెలు డైరీలో ఎక్కించాను. స్టేజీకి పాతవి పక్కలకూ, కొత్తవి మధ్యకూ కట్టించాను.

నాటకంలో సత్రం యజమాని భార్య వేషం మా స్కూల్లోనే పనిచేసిన తెలుగు టీచరుగారిది. చోటు లేదని మొగుడు తలుపేస్తే, అతన్ని దులిపేసి పశువుల పాక తెరిపించే గయ్యాళి పాత్ర. అంతకు ముందు ఏడాది పచ్చకామెర్లొచ్చి ఆమె వేయలేకపోయారు. పోయినేడాదీ వాళ్లాయన వద్దనే అన్నారు. రిహార్సల్లో ఏ కాస్త తేడా కనిపించినా మాన్పిస్తానన్న షరతు మీద చివరికి ఒప్పుకున్నారు.

రిహార్సల్ సాయంత్రం ఆమె స్టేజీ మధ్యకు రాగానే, నెమలి గ్రామం నుంచి వచ్చే మేకప్ ఆయన కింద నుంచి అన్నాడు.

"మాస్టారూ, టీచరమ్మ మొహం పచ్చగా కొడతందండి."

వాళ్లాయన లేచి నిలబడ్డారు. పచ్చ అంటే పసుపని నేను అనుకున్నాను. పసుపుకు విరుగుడుగా ఎల్‌ఈడీల్లో నీలం పెంచాను. ఆమె ముఖం ఇంకా పాడైంది.

"ఇక చాలు, దిగు. రేపు డాక్టరు దగ్గరికెళ్దాం" అన్నారాయన.

ఆమె దిగలేదు. సత్రం ఆవిడ గొంతుతోనే నన్ను పిలిచారు.

"మీరిలా రండి మాస్టారూ. మీక్కూడా కామెర్లేమో చూద్దాం."

వెళ్లి పక్కన నిలబడ్డాను. ఇద్దరం చేతులు చాపాం. నా చెయ్యీ అదే రంగు. రెండడుగులు జరిగి పాత లైటు కిందికొస్తే ఇద్దరివీ మామూలే.

"నేనన్నది ఆకుపచ్చండి, పసుపుపచ్చ కాదు" అన్నాడు మేకప్ ఆయన, తప్పు తనదే అయినట్టు.

పంచె మీద కలిసిన వెలుగు చర్మం మీద కలవలేదన్నమాట. నీలం మళ్లీ దించి, ఆకుపచ్చ మీట కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాను. ఆమె ఒక చెయ్యి పాత లైటు కిందా, ఒకటి కొత్త లైటు కిందా పెట్టి ఓపిగ్గా నిలబడ్డారు. రెండూ ఒకేలా కనిపించాక వాళ్లాయన పైకొచ్చి, ఆ చేతులు మార్చి మార్చి చూశారు.

"సరే, ఆ తిట్లేవో తిట్టు" అని వెళ్లి కూర్చున్నారు.

ఆమె ఆ సాయంత్రం మారు మాట్లాడకుండా దిగిపోయి ఉంటే, నా అంకెలు సరైనవేనని నమ్మి ఇంటికి వెళ్లేవాణ్ణి. నా పంచె మూలంగా ఆమె వేషం పోయేది. ఆ రాత్రే డైరీలో పంచె అన్న చోట కొట్టేసి, "టీచరుగారి చేతులు" అని రాశాను. ఈ ఏడు నాటకానికి లైట్లు కడుతున్నామని తెలిసి ఆమే వచ్చి, అడగకుండానే చేతులు చాపారు.