మా పిన్ని వసారాలో మాత

మా ధనలక్ష్మి పిన్నికి మనుషుల మొహాలు గుర్తుండేవి కావు, చెప్పులే గుర్తుండేవి. విజయనగరంలో ఆవిడ ఇంటి గడప చెప్పులతో దాటిన ప్రాణి లేదు. ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషి చేత బూట్లు విప్పించి, చిరిగిన మేజోడు చూసి, సూదీ దారం ఇచ్చి పంపింది. ఒకసారి జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే, వచ్చిన డాక్టరు బూట్లు విప్పడానికి విసుక్కున్నాడు. పిన్ని గడపకి లోపల కూర్చుని చెయ్యి బయటికి చాపింది. పాపం, ఆయన బయటే నిలబడి నాడి చూశాడు.

పక్క వాటాలో అద్దెకుండే రాజకుమారి టీచరంటే మాత్రం పిన్నికి ప్రాణం. టీచరు ఆర్సీఎం చర్చికి వెళ్ళేది. ఎచ్చెర్లకి బదిలీ అయినప్పుడు, తన పెళ్ళినాటి నిత్య సహాయ మాత పటాన్ని పిన్ని చేతిలో పెట్టి దాని కథ కూడా చెప్పింది. పూర్వం ఒక వర్తకుడు ఆ మాత అసలు పటాన్ని రోము నగరానికి తెచ్చి, చనిపోతూ గుడికిమ్మని స్నేహితుడికి అప్పగించాడట. స్నేహితుడి భార్య ఇవ్వనంటే ఇవ్వనని ఇంట్లోనే అట్టేపెట్టుకుందట. చివరికి మాత ఆ ఇంటి చిన్నపిల్లకు కనిపించి, తననెక్కడ పెట్టాలో చెప్పిందట.

పిన్ని అంతా విని, అలవాటు కొద్దీ పటాన్ని కాళ్ళ దగ్గర్నుంచి చూసింది. తల్లి చేతుల్లో ఉన్న బాలయేసుకి చెప్పులున్నాయి. ఒకటి ఊడి వేలాడుతోంది. దేవదూతలు పట్టుకున్న సిలువనీ మేకుల్నీ చూసి జడుసుకుని తల్లి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడని, ఆ తొందరలో చెప్పు జారిందని టీచరు చెప్పింది. పిన్ని తలూపింది. టీచరు సామాన్ల బండి వీధి మలుపు తిరగ్గానే పటాన్ని వసారాలో, చెప్పుల స్టాండు పైన తగిలించింది.

దేవుడికి కూడానా అని నేను దెబ్బలాడాను.

"దేవుడైతే మాత్రం? ఒకటి ఇప్పీసినాడు కదేటి. రెండోది కూడా ఇప్పనీ, నానే ఎత్తుకుని లోపలికి తెస్తాను" అంది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే నాకొక ప్రశ్న. "రాత్రి ఆవిడ నీ కల్లోకొచ్చి, ఎక్కడెట్టమందో ఏటైనా సెప్పిందేటే?" నాకప్పటికే డిగ్రీ అయిపోయింది, పిన్ని దగ్గరే ఉండి ఉద్యోగానికి చదువుకుంటున్నాను. నా కలల్లోకి బ్యాంకు పరీక్షలు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు.

మరుసటేడు టీచరు చూడ్డానికి వచ్చింది. నేను కాఫీ తెచ్చేసరికి చెప్పుల స్టాండు ముందు కొయ్యబారిపోయి ఉంది. ఇక్కడ పెట్టారేమని అడిగింది. పిన్నికి సంజాయిషీలు చెప్పుకోవడం ఏనాడూ చేతకాదు.

"సెప్పులున్నాయి కదా టీచరమ్మా, అందుకని బయటెట్టాను."

టీచరు ఇంకేమీ అడగలేదు. కాఫీ ముట్టకుండా వెళ్ళిపోయింది. తర్వాత ఫోను కూడా ఎత్తలేదు.

పిన్ని ఎచ్చెర్ల వెళ్ళొస్తాననేది, చెప్పులేసుకునేది, మెట్లు దిగి మళ్ళీ వచ్చి విప్పేసేది. ఒకరోజు అలా విప్పుతూనే, "పటాన్ని కాదే రాధికా, టీచరమ్మనే బయటెట్టీసినాను" అంది. పూటైనా పట్టని బస్సు ప్రయాణం. దానికి చెరో కొసనా కూర్చుని ఇద్దరూ ఏళ్ళ తరబడి బాధపడ్డారు.

మొన్న వేసవిలో పిన్ని పోయింది. కబురు ఆలస్యంగా తెలిసి టీచరు వచ్చింది. పటం తీసుకుపోతానంది. స్టాండు పక్కనున్న నవారు మంచం చూసి, ఎవరిదని అడిగింది.

పిన్నిదేనని చెప్పాను. పటం తగిలించిన నాటి నుంచి ఆవిడ లోపల పడుకోనే లేదు. దోమలు పీక్కుతిన్నా, చలికి దగ్గు పట్టుకున్నా కదల్లేదు. నేను కేకలేస్తే ఒకటే మాట అనేది.

"ఇంటికొచ్చిన తల్లీ పిల్లడూ గడపవతలుంటే, నాను లోపల ఫేనేసుకుని ఎలా తొంగుంటానే?"

టీచరు మంచం అంచున కూలబడింది. ఈ ముక్క ఆ రోజే చెప్పి ఉంటే అని మొదలుపెట్టి, మధ్యలోనే ఆగి, "నేనడిగితే కదా" అంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, ఆనాటి కాఫీ ఇప్పుడిస్తావా అని అడిగింది.

తాగి, గ్లాసు లోపల పెట్టడానికి లేచింది. కూర్చున్నప్పుడు ఒక చెప్పే విప్పినట్టుంది, రెండోది కాలికే ఉంది. అడుగు గడప మీద పడబోతుంటే నా నోట్లోంచి పిన్ని మాట ఊడిపడింది.

"టీచరుగారూ, చెప్పు."

ఆవిడ తన కాళ్ళకేసి చూసుకుంది. తలెత్తి పటంకేసి చూసి ఫక్కున నవ్వేసింది. గ్లాసు నా చేతికిచ్చి, ఆ రెండోది కూడా విప్పేసి, పటాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి నడిచింది. బాలుడి చెప్పుల సంగతి నేను ఎత్తలేదు.