సుంకం పెంచిన ఏటి మామిడి గుజ్జు

ఏదో పెద్ద దేశం మన సరుకుల మీద సుంకం పెంచిందని ఈ ఉదయం టీవీలో ఇద్దరు గొంతు చించుకుంటుంటే, నాకు చిత్తూరులో మా మేనమామ నడిపిన గుజ్జు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. డెబ్బైల చివరి మాట. వేసవి వచ్చిందంటే ఆ పేటంతా మాగిన బెంగుళూరా మామిడి వాసనే. ఈగలు పిలవని చుట్టాల్లా కంచాల దాకా వచ్చేవి. మామ గుజ్జు తీయించి, పెద్ద పెద్ద డబ్బాలకెక్కించి, మద్రాసు రేవు నుంచి ఒకే దేశానికి, ఒకే వ్యాపారికి పంపేవాడు. డిగ్రీ చదివిన పాపానికి ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నా వంతు.

ఆ ఏడు కాయ విరగకాసింది. గేటు బయట లారీలు, ఎడ్లబండ్లు బారులు తీరి ఉండగా టెలిగ్రాం వచ్చింది. ఆ దేశమూ ఇంకో పెద్ద దేశమూ పంతానికి పోయి ఒకదాని సరుకు మీద ఒకటి సుంకాలు వేసుకుంటూ, ఆ ఊపులో బయటినుంచి వచ్చే డబ్బా పండ్లన్నిటి మీదా వేసేశాయట. ఆ ధరకు అక్కడ కొనేవాళ్లుండరు, ఈసారి సరుకు పంపొద్దని వ్యాపారి మాట. వాళ్ల తగాదాలో మా చిత్తూరు ఒకటుందని కూడా ఎవరికీ తెలిసి ఉండదు. నేను చదివి వినిపించగానే మామ లేచి గేటు దగ్గరికి నడిచాడు. సంగతి అప్పటికే బయటికి పొక్కింది.

"ఏందప్పా, దించుకోరా? వెనక్కి తీస్కపోతే దావలోనే కుళ్లిపోతాయి," అన్నాడు ముందు బండి రైతు.

"దించప్పా. ఓడ రాకపోతే మనూరోళ్లకి నోళ్లు లేవా?" అన్నాడు మామ.

లోపలికి వచ్చాక అత్త అడిగింది: "మాటిచ్చినావు సరే, ఎవురికమ్ముతావు?" బజారులో షర్బత్ అంగడి నడిపే మామ స్నేహితుడు, మేమంతా భాయ్ అని పిలిచే మనిషి, సాయంత్రం వచ్చి గుజ్జు రుచి చూశాడు.

"రుసి బాగుండాదన్నా. ఇంత పెద్ద డబ్బా తెరిస్తే రేపటికి పులిసిపోతాది. సిన్నవి సెయ్యి, నేనమ్మిస్తా."

చిన్న డబ్బాలు తెప్పించి, గుజ్జు నింపించి, జీపు నిండా వేసుకుని ముగ్గురం బయల్దేరాం. పలమనేరులో మొదటి సోడా అంగడివాడు మొహం చిట్లించి, "సెట్టు మింద పండు ఉండంగా డబ్బాలోది ఎవురు తాగతారు?" అన్నాడు.

"సెట్టు మింద లేనప్పుడు ఏం పోస్తావప్పా?" అన్నాడు భాయ్ నవ్వుతూ. వాడు ఒక పెట్టె దించమన్నాడు. అక్కణ్ణుంచి బెంగుళూరు దాకా అదే ప్రశ్న, అదే జవాబు. లాభం పెద్దగా మిగల్లేదు గానీ, చలికాలానికల్లా గోడౌను ఖాళీ అయింది. ఏ రైతుకూ బాకీ పడలేదు.

మరుసటేడు సుంకం తగ్గింది. మొత్తం సరుకు తనకే కావాలని పాత వ్యాపారి రాశాడు. "సగమే ఇస్తామని రాయి. మిగతాది ఈడోళ్లది," అన్నాడు మామ. ఆ ఉత్తరం రాసినంత హుషారుగా నేను మరే ఉత్తరమూ రాయలేదు.

ఇప్పుడు మామ లేడు, భాయ్ లేడు, నాకూ జుట్టు నెరిసింది. ఈ మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు ఎన్ని సుంకాలు వేసి తీసేశాయో గానీ, మామిడి మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా ఏటేటా వేసవికి పండుతూనే ఉంది.