ముందు నన్నడగండి

మా బాబాయికి ఒక్కటే జబ్బు. సంతకం అడిగితే లేదనలేడు. వీధికుక్కల్ని పట్టించాలని పొద్దున ఒకాయన అర్జీ తెస్తే సంతకం పెట్టాడు. పట్టించకూడదని సాయంత్రం ఒకావిడ తెస్తే దానిమీదా పెట్టాడు.

"రెండిట్లో మీ అభిప్రాయం ఏది?" అని పిన్ని నిలదీసింది.

"ఇద్దరూ మంచివాళ్ళేనే," అన్నాడు.

అప్పట్నుంచి ఆయన బయటికి వెళ్తుంటే పిన్ని జేబులు తడిమి కలం లాక్కునేది. ఆయన ఎదుటివాళ్ళ కలంతో పెట్టి వచ్చేవాడు.

అలా పెట్టినవాటిలో ఒకటి వీధి చివరి వడ్రంగి అప్పుకి హామీ సంతకం. వడ్రంగి తన షెడ్డుని బ్యాంకులో తనఖా పెట్టి కోత మిషను కొన్నాడు. అతని కుర్చీలు కొనే దుకాణం కాస్తా మూతపడింది. వాయిదాలు ఆగిపోయాయి. షెడ్డు వేలం వేస్తామని వడ్రంగికి ఒక నోటీసు, ఆ బాకీకి మీరూ బాధ్యులేనని బాబాయికి ఒక నోటీసు వచ్చాయి.

పిన్ని ధీమాగానే ఉంది. "షెడ్డు తనఖా ఉందిగా. దాన్ని అమ్ముకుంటారు. మనకేంటి?"

పక్కింటి ప్లీడరు ఆ ధీమా మీద నీళ్ళు చల్లాడు. "అలా కాదమ్మా. అప్పు తీసుకున్నవాడూ హామీ ఉన్నవాడూ బ్యాంకుకి ఒకటే. షెడ్డు అమ్మగా తక్కువపడితే మీవారే కట్టాలి. అసలు షెడ్డు జోలికే పోకుండా ముందు మీవారినే అడగొచ్చు."

పిన్ని కూలబడింది. బాబాయి మొహం మాత్రం వెలిగిపోయింది.

"ముందు నన్నే అడగొచ్చా?"

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళి, మేనేజరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"షెడ్డు మీద పడతారేంటండీ? నేను లేనా? ముందు నన్నడగండి."

మేనేజరు ఆయన్ని పైనుంచి కిందకి చూశాడు. "హామీ ఉన్నవాళ్ళు నన్ను చూస్తే సందు మారిపోతారు సార్. మీకు ఒంట్లో బాగానే ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది. అడగండి."

"కడతారా?" అని మేనేజరు బెరుగ్గా అడిగాడు.

"కడతాను."

మేడమీద గది వేసుకుందామని దాచుకున్న డిపాజిట్టు ఆ మధ్యాహ్నమే కరిగిపోయింది.

పిన్ని మాటలు మానేసింది. ప్లీడరు మళ్ళీ వచ్చి, బాకీ తీర్చారు కాబట్టి షెడ్డు మీద బ్యాంకుకున్న తనఖా హక్కు ఇక బాబాయిదేనని చెప్పాక నోరు విప్పింది.

"చదవకుండా సంతకాలు పెడితే ఇంతే."

"ఇది చదివే పెట్టానే," అన్నాడు బాబాయి. "అతను కట్టకపోతే నన్ను పట్టుకుంటామని స్పష్టంగా రాశారు. అప్పటికే వీధంతా తిరిగొచ్చాడు. సొంత అన్నదమ్ములే తలుపు తీయలేదట. నేనూ తీయకపోతే ఇంకెక్కడికి పోతాడు?"

పిన్ని తిన్నగా షెడ్డుకి నడిచింది. రంపపు పొట్టులో మడమలదాకా మునిగి నిలబడి, "చూడు బాబూ, నేను ఆయనలాంటిదాన్ని కాను. నెలనెలా కట్టకపోతే తాళం వేయిస్తాను," అని చెప్పొచ్చింది. వడ్రంగి బుద్ధిగా తలూపాడు. కట్టడం కూడా మొదలుపెట్టాడు.

వానాకాలంలో ఒక నెల వాయిదా రాలేదు. పిన్ని ఎక్కడ విరుచుకుపడుతుందోనని బాబాయి ముందే చెప్పులు వేసుకున్నాడు. "వెళ్ళి అడిగి రానా?"

"తడి చెక్కతో ఏం చేస్తాడు పాపం," అంది పిన్ని. "కాస్త ఎండలు రానివ్వండి."