చూరు కింద నిలబెట్టినవాళ్ళు

మా సెంటర్‌కి రేకుల కప్పు. వాన పడితే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. అలాంటి గదిలో ఒక లాప్‌టాప్ పెట్టి, దాని ముందు నన్ను కూర్చోబెట్టి, కింద పట్నంలో ఉన్న డాక్టరుగారితో రోగుల్ని మాట్లాడించమన్నారు. చింతపల్లిలో జీపెక్కి, దిగాక రోడ్డు మీంచి నాలుగడుగులు పైకెక్కితే వచ్చే ఊరు మాది. మాది అనడం అలవాటైపోయింది గానీ నేనూ కింద నుంచి వచ్చినదాన్నే. చేసేది నర్సు ఉద్యోగం. ఇక్కడ అందరికీ సిస్టరమ్మని.

డాక్టరుగారు మంచివారే. ఓపికే తక్కువ. పాపం ఆయనకి పొద్దుటినుంచి మాలాంటి సెంటర్లు ఒకదాని తర్వాత ఒకటి. తెర మీద ముఖం కనబడగానే "సిస్టర్, వెనకాల ఆ గోలేంటి?" అనేవారు. ఏ గోలని చెప్పను? సంతరోజైతే జీపుల హారన్లు. కాఫీ పళ్ళ కాలంలో ఎదురింట్లో తొక్క తీసే మిషను. క్రిస్మస్ నెలంతా చర్చి మైకు. ఇవేవీ లేనిరోజు కోళ్ళు. వీటన్నిటినీ మించి, రోగి వెంట వచ్చే జనం.

ఇక్కడ ఒకరికి జ్వరమొస్తే నలుగురు వస్తారు. రోగి బల్ల మీద కూర్చుని నేలచూపులు చూస్తుంటే రోగం సంగతి వాళ్ళు చెబుతారు. ఒకరు మొదలుపెడతారు, ఇంకొకరు అడ్డం వచ్చి దిద్దుతారు, మూడోవారు పోయిన వానాకాలం నుంచి ఎత్తుకుంటారు. మధ్యలో తప్పిపోయిన మేక కథ కూడా వస్తుంది. వచ్చిన కొత్తలో నాకు తల ప్రాణం తోకకి వచ్చేది. "రోగినే చెప్పనివ్వండి" అని గదమాయిస్తే అందరూ నా వంక జాలిగా చూసేవారు. జ్వరంలో పడున్న మనిషికి ఏం తెలుస్తుంది, చూసినవాళ్ళం మేం కదా అన్నట్టుండేది ఆ చూపు.

పై అధికారుల చెవిలో ఇల్లు కట్టుకుని పోరగా పోరగా ఒక హెడ్‌సెట్ వచ్చింది. చెవులకి రెండు మెత్తటి డిప్పలు, నోటి ముందుకి వంగిన చిన్న మైకు. పిన్ను దూర్చి, ఇంక నా కష్టాలు గట్టెక్కాయనుకున్నాను. ఇల్లు అలకగానే పండగ కాదని నాకేం తెలుసు! డాక్టరుగారికి కోళ్ళు ఎప్పటిలాగే స్పష్టంగా వినబడుతున్నాయి, నేనే ఎక్కడో నూతిలోంచి మాట్లాడుతున్నట్టుందట.

చివరికి విసుగొచ్చి హెడ్‌సెట్ మైకు మీద వేలితో టకటకా కొట్టాను. ఆయన ఏమీ పట్టనట్టు కూర్చున్నారు. లాప్‌టాప్ అంచు మీద కొడితే ఉలిక్కిపడ్డారు. అప్పుడు అర్థమైంది, ఆ లాప్‌టాప్ హెడ్‌సెట్ మైకు సంగతే పట్టించుకోకుండా తన ఒంట్లో ఉన్న మైకుతోనే గదంతా వింటోందని. ఇన్నాళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదాను. సెట్టింగుల్లోకి వెళ్ళి హెడ్‌సెట్ మైకుని ఎంచుకున్నాను. అప్పుడు నా ఊపిరి ఈదురుగాలిలా వినబడుతోందన్నారు. మైకుని నోటి ముందు నుంచి గడ్డం పక్కకి జరిపి, చుట్టూ కట్టుగుడ్డ ముక్క చుట్టాను. ఇక్కడి ఆడవాళ్ళు కొత్తవాళ్ళ ముందు పెదవి దాటి మాట్లాడరు, వాళ్ళ కోసం మైకు బలం పెంచాను. పెంచితే మళ్ళీ వాన లోపలికొచ్చింది. ఆఖరికి వెనక చప్పుళ్ళని తీసేసే ఏర్పాటు ఒకటుంటే దాన్ని చివరికంటా పెంచాను. కిటికీకి కంబళి కట్టాను. రోగి తప్ప ఎవరూ లోపల ఉండకూడదని పైనుంచి మాటొచ్చింది, మిగతావాళ్ళని చూరు కిందకి పంపి తలుపేశాను.

ఆ రోజు డాక్టరుగారు "సిస్టర్, ఇవాళ సౌండ్ అద్భుతంగా ఉంది" అన్నారు. బయట రేకులు బద్దలయ్యేంత వాన. ఆయనకి చుక్క కూడా వినబడలేదట. నాకు గర్వమేసింది. ఎందుకు వేయకూడదు? ఎవరూ నేర్పకుండా నా అంతట నేను బాగుచేసుకున్నాను.

ఆ వానల్లోనే ఒక సంతరోజు పక్క కొండమీది ఊరినుంచి జీపులో ఒక కోడలిని తీసుకొచ్చారు. పెళ్ళై ఇంకా ఏడాది కాలేదు. అత్త, మొగుడు, ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు వెంట వచ్చారు. ఆ అత్త నోరు నాకు బాగా తెలుసు. సంతలో ఈ కొసన అల్లం బేరమాడితే ఆ కొసనున్నవాళ్ళకి వినబడుతుంది. కోడలి నెత్తిన తన పైటకొంగు కప్పి, తాను తడుస్తూ వచ్చింది. గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"సిస్టరమ్మా, ఈ గుంటకి జొరం. నిన్న వొండిన అంబలి ముట్టనేదు. మా నల్లమేక కూడా నిన్నట్నించి..."

"మేక సంగతి తరవాత చూద్దాం. మీరంతా బయటుండండమ్మా. కంప్యూటర్‌కి చప్పుడు పడదు."

"నాను సెప్పొద్దా మరి?"

"మీ కోడలే చెబుతుంది."

నమ్మనట్టు చూసింది గానీ వెళ్ళింది. తలుపేశాను. వేలికి సూది గుచ్చి మలేరియా టెస్టు చేస్తే ఒకే గీత వచ్చింది. లేదని అర్థం. హెడ్‌సెట్ ఆ పిల్ల తలకి తగిలించి, ఒక డిప్ప కాస్త తిప్పి, డాక్టరుగారి మాట వినడానికి నా చెవి ఆనించాను. ఆమె చెంప నా చెంపకి తగిలి జ్వరం వేడి నాకు తెలుస్తోంది.

డాక్టరుగారు తొందర లేకుండానే అడిగారు. ఆ మాట చెప్పకపోతే పాపం. జ్వరం ఎన్నాళ్ళు, వాంతులా, తలనొప్పా. తెలివి తప్పడం, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం లాంటిదేమైనా ఉందా అని కూడా అడిగారు.

"నేదు" అంది ఆ పిల్ల.

"ఇంకేమైనా?"

"ఏటీ నేదు."

రక్తం స్లైడు పంపమన్నారు, జ్వరానికి మాత్రలిమ్మన్నారు, తగ్గకపోతే కిందకి పంపమన్నారు. ఆ మాటల మధ్యే కంబళి కట్టిన కిటికీ చెక్క మీద చేత్తో తట్టడం నా రెండో చెవిన పడింది. అత్త గొంతు కూడా ఏదో అంటోంది. వానలో మాట తెలియలేదు. డాక్టరుగారికి అదీ వినబడలేదు. నేను చేసిన ఏర్పాటు దాన్ని కూడా గోల కింద తీసేసింది.

తలుపు తీసేసరికి రోడ్డు మీద జీపు హారన్ కొడుతోంది. అదే ఆఖరి జీపు. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఈ గుంట సెప్పిందా సిస్టరమ్మా, అంతానూ?"

"డాక్టరుగారు అన్నీ అడిగారమ్మా. అన్నిటికీ చెప్పింది."

"తెల్లారగట్ల సంగతీ?"

"అన్నీ చెప్పిందంటున్నాను కదా. బేగి వెళ్ళండి, జీపెళ్ళిపోతుంది."

ఆవిడ ముఖం తేటపడింది. "అయితే సరే" అని కోడలి నెత్తిన మళ్ళీ పైట కప్పింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఆ పిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ తెలివి తప్పిందట. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. జీపు దొరికేసరికి పొద్దెక్కింది. చింతపల్లి చేరకముందే పోయింది. స్లైడు ఫలితం ఆ తరవాత వచ్చింది. మలేరియాయే. టెస్టుకి దొరకలేదు.

మట్టి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళడానికి కాళ్ళు రాలేదు, వెళ్ళకుండా ఉండడమూ చేతకాలేదు. ఆ అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. అంత నోరున్న మనిషి మెల్లిగా అడిగింది.

"ముందునాడు తెల్లారగట్ల కూడా అలాగే కొట్టుకున్నాది. కళ్ళు పైకెళ్ళిపోనాయి. నన్ను సూసి ఎవులు నువ్వన్నాది. అది సెప్పిందన్నావు కదా సిస్టరమ్మా?"

అబద్ధం ఆడదామనే అనిపించింది. ఆడలేకపోయాను. డాక్టరుగారు అడిగారనీ, లేదని చెప్పిందనీ చెప్పాను.

ఆవిడకి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"నేదనే అంటాది. దానికేటి తెలుసు? ఒంటిమీద తెలివుంటే గదా. సూసినోలం మేం బయటున్నాం."

తిరిగొచ్చి కిటికీ కంబళి పీకేశాను. చప్పుళ్ళు తీసేసే ఏర్పాటు తగ్గించాను. డాక్టరుగారికి జరిగింది చెప్పాను. ఆయన అడగాల్సింది అడిగారు, ఆ పిల్ల తనకి తెలిసింది చెప్పింది, లాప్‌టాప్ చెప్పినట్టు విన్నది. ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక ఆ నెలంతా ఇంట్లో గిన్నెల మీద విరుచుకుపడ్డాను. తరవాత ఆయనే "అందర్నీ లోపలికి రానివ్వండి సిస్టర్" అన్నారు. గోల మళ్ళీ వినబడితే కళ్ళు మూసుకుని ఓర్చుకునేవారు.

కానీ జనం రావడం మానేశారు. రోగిని గుమ్మం దాకా తెచ్చి, వాళ్ళంతట వాళ్ళే చూరు కింద నిలబడిపోయేవారు. రండి రండి అని నేను పిలిస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. "కంప్యూటర్‌కి సబ్దం పడదు కదమ్మా" అనేవారు, నా మాట నాకే అప్పజెబుతూ. చేతులు పట్టి లాక్కొచ్చినా గోడకి ఆనుకుని నోరు కట్టుకుని నిలబడేవారు. నేను ఆ ఊరికి నేర్పిన పాఠం అంత బాగా వంటబట్టింది. మేక కథ ఎవరైనా ఎత్తుకుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

మళ్ళీ వానలొచ్చాయి. ఒక సంతరోజు మధ్యాహ్నం ఆ అత్తే వచ్చింది. తలుపు పట్టుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

"ఎవరొచ్చారమ్మా నీతో?"

"ఎవులూ రానేదు. నా కొడుకూ పక్కింటోలూ వొత్తామన్నారు. సబ్దం సేత్తారని ఇంటికాడే ఉండిపొమ్మన్నాను."

నేను ఏమీ అనకముందే బల్ల మీద కూర్చుంది. హెడ్‌సెట్ తనే తీసి తలకి పెట్టుకుంది. ఎలా పెట్టుకోవాలో ఆవిడకెవరూ చెప్పలేదు, ఈ మధ్య మరెవరికో నేను పెడుతుంటే చూరు కిందనుంచి చూసుంటుంది. తెర మీద డాక్టరుగారి ముఖం వచ్చింది. నేను పక్కన కూర్చుని చెవి ఆనించాను.

"ఏమైందమ్మా?" అన్నారాయన.

"జొరం."

"ఎన్నాళ్ళనుంచి? తెలివి తప్పడం, కలవరించడం ఏమైనా ఉందా? రాత్రి ఎలా ఉంది?"

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ చూపులో నింద లేదు, నిజంగా తెలియకే అడిగింది.

"రాత్రి నాను ఎలాగున్నానో నాకేటి తెలుత్తాది సిస్టరమ్మా?"

నేను లేచి కిటికీలోంచి చూరు కిందకి చూశాను. అడగడానికి అక్కడ ఎవరూ లేరు.